చౌకధర యెవరికి?

నెల మొదటి వారమున రాజధానిలోని పెద్ద దుకాణములకు బోయి చూచినవారికి మన మధ్యతరగతి గృహస్థుని ఆర్థికస్థితి యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వకీళ్లు, వైద్యులు, ఉపాధ్యాయులు, సర్కారు కచేరీలలోని ఉద్యోగులు, కంప్యూటరు కంపెనీలలో పనిచేయు యువకులు కుటుంబసమేతముగా చక్రముల బండిని త్రోసికొనుచు, పొట్లముమీద అచ్చుపడిన గరిష్ఠధరను, దాని ప్రక్కన దుకాణమువారు వ్రాసియుంచిన ధరను సరిపోల్చుకొనుచు, బిల్లు చెల్లించుచోట అరగంట నిలుచుటకును విసుగుచెందక యుందురు. నూనె, పప్పు, పంచదార, సబ్బు, బట్టలుదుకు పొడి, పండ్లపొడి మొదలగు నిత్యావసర వస్తువులయందు నాలుగు రూకలు మిగిల్చుకొనుట లోభమని యెవ్వరును అనజాలరు. బాలుర పాఠశాల రుసుములును, ఇంటి అద్దెయు ఏటేట పెరుగుచుండ, గృహిణి తన చాతుర్యమును చూపగల తావు సరుకుల చీటీయొక్కటియే. ఇట్లు మిగిల్చుకొనువారిలో మేమును ఉన్నాము. కాని యీ తగ్గింపు ఎచ్చటనుండి వచ్చుచున్నది, ఎవరిదాక చేరుచున్నది, ఎచ్చట ఆగిపోవుచున్నది అను ప్రశ్నలను మాత్రము మనము సాధారణముగా వేసికొనము.

ఈ తగ్గింపు దానధర్మము గాదు. వర్తకపు లెక్కయే. 2002లో బొంబాయిలోని పోవాయియందు మొదటి అంగడిని తెఱచిన డీమార్ట్ సంస్థ 2025 మార్చి మాసాంతమునకు 415 దుకాణములు కలదయ్యెను. స్థలములను వీలైనంతవఱకు సొంతముగా కొనుట, సరకు పంపినవారికి త్వరగా రొక్కము చెల్లించి ధర తగ్గించుకొనుట, వేగముగ అమ్ముడుపోవు వస్తువులనే యెక్కువగ నిలుపుట, అలంకారములకు వ్యయము చేయకుండుట, ఇదియే దాని కిటుకు. ఇట్టి కిటుకు సాగుటకు ఒక్క నియమము తప్పనిసరి: దుకాణపు చుట్టుప్రక్కల వేలకొలది కుటుంబములు, ప్రతికుటుంబము చేతిలో ఒక్కసారి నెలసరుకు కొనగల రొక్కము ఉండవలెను. ఆ జనసమ్మర్దము లేనిచోటికి ఆ ధర పోజాలదు. ఇందుకు వర్తకులను నిందించుట వృథా.

చౌకగ కొనుటకు మఱియొక మార్గమును మనవారు పూర్వమే యెఱుగుదురు. ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున 1844లో కొందఱు పనివాండ్రు తమ కొలదిపాటి సొమ్మును కూర్చి పిండి, వెన్న, పంచదార, కొవ్వొత్తులు అమ్ము చిన్న యంగడిని పెట్టిరి. కల్తీలేని సరకు, సరియైన తూకము, రొక్కపు బేరము, వచ్చిన లాభమును కొన్నవారికే వారి కొనుగోలునుబట్టి పంచుట, ఇవి వారి కట్టుబాట్లు. ఆ యాదర్శముననే 1904లో చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి నగర సహకారసంఘము వెలసెను. అందు చేరినవారు ఎక్కువమంది మన పాఠకులవంటి గుమాస్తాలు, ఉపాధ్యాయులే. 1966లో రూపాయి విలువ తగ్గింపబడి ధరలు మండిపోయినప్పుడు ఢిల్లీలో సూపర్ బజారును తెఱచినదియు నగర ఉద్యోగుల మొఱ విని యే. అంతకు మున్ను, యుద్ధకాలమున, 1943లో రేషను పద్ధతి ముందుగ బొంబాయి నగరమున అమలు జరిగెను. నగరవాసి గోడు ప్రభుత్వము చెవికి త్వరగా సోకుననుటకు ఇన్ని నిదర్శనములు చాలును.

ఇక నగరమునకు దూరమైన యొక యూరిని తీసికొని యిదే లెక్కను వేసి చూతము. మహారాష్ట్రములోని నాందేడు జిల్లాయందు, కిన్వట్ మాహూర్ ప్రాంతమున, సర్ఖని యను గ్రామము కలదు. మా పాఠకులలో పలువురకు ఈ పేరు క్రొత్తదిగా తోచవచ్చును. రేణుకాదేవి దర్శనమునకై మాహూరునకు బోయినవారు మాత్రము ఆ చుట్టుప్రక్కల అడవులను, ప్రత్తిచేలను ఎఱిగియుందురు. కిన్వట్ తాలూకా 1956 వఱకు హైదరాబాదు రాజ్యములోని ఆదిలాబాదు జిల్లాకు చెందినది. రాష్ట్రముల పునర్విభజనమున రాజురా, ఇస్లాపూరులతోకూడ అది బొంబాయి రాష్ట్రమునకు పోయి, 1960లో మహారాష్ట్రమున కలిసెను. గోండులు, కోలాములు, అంధ్ జాతివారు, బంజారాలు, మరాఠీలు, తెలుగువారు కలసి బ్రదుకు సీమ యది. సర్ఖనికి జిల్లా ముఖ్యపట్టణమైన నాందేడు నూరు కిలోమీటర్లకు మించిన దూరమున నుండగా, ఎల్ల కావలనున్న ఆదిలాబాదు అందులో సగముకంటె దూరము గాదు. పటమున గీసిన గీత ఒకప్రక్క, బజారుదారి మఱియొకప్రక్క.

అచ్చటి కూలికుటుంబ మొకటి నెలకు మూడువేల రూపాయల నూనె, పప్పు, పంచదార, తేయాకు, సబ్బు, మసాలాదినుసులు కొనుననుకొందము. పట్టణపు పెద్ద దుకాణములో ధర పదియవవంతు తక్కువయని ఉదారముగనే లెక్కింతము. మిగులునది 300 రూపాయలు. 2025-26 సంవత్సరమునకు గ్రామీణ ఉపాధి హామీ పథకమున మహారాష్ట్రమునకు నిర్ణయింపబడిన దినకూలి 312 రూపాయలు. అనగా పట్టణమునకు పోయివచ్చుటలో ఒకదినము పని చెడినచో, బస్సు టిక్కెట్టును లెక్కలోనికి రాకమునుపే, పండ్రెండు రూపాయలు నష్టము! మఱి యా మూడువేలను ఒక్కసారిగ చేతబట్టుకొని పోగల కూలివాడెవడు? ప్రత్తి అమ్మిననాడు తప్ప ఆ సీమలోని పేదయింట అంత రొక్కము నిలువయుండుట అరుదు. రాజధానిలో నెలజీతము తీసికొనువానికి లాభకరమైన బేరమే సర్ఖని కూలివానికి నష్టబేర మగుచున్నది. సరకు ఒక్కటే, ధర ఒక్కటే, తగ్గింపు నొక్కటే. దూరమును, రొక్కమును మాత్రమే వేఱు.

ఇచ్చట బస్సుల విషయమును గూర్చి యొక మాట. తెలంగాణమున 2023 డిసెంబరు 9వ తేదీనుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు లేదు. మహారాష్ట్రమున అదే సంవత్సరము మార్చి 17వ తేదీనుండి స్త్రీలకు సగము టిక్కెట్టు. కావున ఎల్లకు ఈవలనున్న యిల్లాలు సంచి చంకనబెట్టుకొని ఉచితముగ ఆదిలాబాదు బజారునకు బోయి రాగలదు. ఆవలనున్న యామె తోబుట్టువు అదే బజారునకు రూకలు చెల్లించి రావలెను. ఉచితప్రయాణము పనికిమాలిన వ్యయమని నగరములో తఱచు వినబడుచున్నది. పప్పు ఉప్పుల ధరను తగ్గించుటలో అది యెంతపని చేయుచున్నదో యెవరైన లెక్కకట్టి చూచిన బాగుండును. గ్రామములోని యంగడివానికి పోటీ యేర్పడునది బస్సు నడచినప్పుడే.

అట్లని గ్రామపు కిరాణావర్తకుని దోపిడికానిగ చిత్రించుట మా యభిప్రాయము గాదు. అతడు కిన్వట్ బజారునుండి కొద్దికొద్దిగ సరకు తెచ్చుకొనును. బండికిరాయి అతనిదే. పాడైన సరకు అతని తలమీదనే పడును. అన్నిటికంటె ముఖ్యముగ అతడు ఉద్దెర ఇచ్చును. ప్రత్తి చేతికివచ్చువఱకు ఆఱు మాసములు ఖాతాలో వ్రాసికొని, పెండ్లికిని చావునకును సామాను పంపు వర్తకుని ధరలో ఆ యప్పుయొక్క వడ్డియు నిమిడియుండును. పెద్ద దుకాణము రొక్కము లేనివానిని గుమ్మములోనికే రానీయదు. క్రెడిట్ కార్డు గలవానికి మాత్రము అప్పును, దానిపై మఱికొంత తగ్గింపును కూడ దొరకును! పేదవాని యప్పు ధరను పెంచును, ఉద్యోగి యప్పు ధరను తగ్గించును.

చిన్న పొట్లముల సంగతియు విచారింపదగినది. నూఱు గ్రాముల నూనె, ఏబది గ్రాముల తేయాకు, పావుకిలో పప్పు కొనువాడు కిలో ఒక్కింటికి పడు ధర యెంతయో తెలిసికొనుట కష్టము. పొట్లముమీద గరిష్ఠ చిల్లరధర అన్ని పన్నులతో కలిపి ముద్రింపవలెనను నియమము 1990 ప్రాంతమున వచ్చినది. ఒక గ్రామునకో, ఒక కిలోకో ధర యెంతయగునో కూడ తెలుపవలెనని 2021 సవరణము విధించినది. చిత్రమేమనగా షాంపూ విషయమున రూపాయి, రెండు రూపాయల పొట్లమే తఱచు పెద్ద సీసాకన్న చౌకగ పడును. ఈ రహస్యము నెఱుగని నగరవాసులే యెక్కువ. వంటింటి సరకునందు మాత్రము ఆ యదృష్టము లేదు. కొద్దిగ కొన్నవాడు ఎక్కువ యిచ్చుకొనును. కంటికి కనబడని యక్షరములలో అచ్చువేసిన ధర చదువురాని కొనుగోలుదారునకు ఉపకరింపదు. తూనికల శాఖవారు పట్టణములలోని దుకాణములకు వెళ్లినంత తఱచుగ వారపుసంతలకును వెళ్లినచో బాగుండును.

ఇంతవఱకు చదివిన పాఠకుడు, పేదలకు రేషను దుకాణ మున్నది గదా, వారికి వేఱు చౌకదుకాణ మేల యని యడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. తెలుగువారు రేషనంగడిని చౌకధర దుకాణమని, చౌకడిపోయని పిలుచుచున్నారు. మహారాష్ట్రమునందును దాని పేరు అట్టిదే. 1983లో నందమూరి తారక రామారావుగారి ప్రభుత్వము కిలో బియ్యమును రెండు రూపాయల కిచ్చుట ప్రారంభించినప్పుడు అది వెఱ్ఱి యని వెక్కిరించినవారు కలరు. ముప్పది సంవత్సరములు గడచి, 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టమున ఆ ధోరణియే దేశమంతటికి హక్కై, తలకు 5 కిలోల ధాన్యమును, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలును ఏర్పఱుపబడెను. 2023 జనవరినుండి ఆ ధాన్యమునకు ధరయే లేదు. తెలంగాణము తన వంతుగా మఱియొక కిలో చేర్చి, 2025 ఉగాదినాటినుండి సన్నబియ్యమునే యిచ్చుచున్నది. సర్ఖనిలోని పేదయింటికిని కేంద్రధాన్యము అందుచున్నది. ఆకలి విషయమున ఇది గొప్ప రక్షణ. దీనిని తక్కువ చేసి మాటాడువారితో మేము ఏకీభవింపము.

కాని చిక్కు మఱియొకచోట నున్నది. జాతీయ గణాంక కార్యాలయము జరిపిన గృహవ్యయ పరిశీలనమునుబట్టి 1999-2000లో గ్రామీణ కుటుంబవ్యయమున నూటికి 22 పాళ్లు ధాన్యములకే పోయెడిది. 2022-23 నాటికి అది అయిదుపాళ్లకును లోబడినది. ఇందు కొంతభాగము రేషనుబియ్యము చౌకయగుటవలననే కలిగిన తగ్గుదల. మిగిలినది మనుష్యుల యాహారము మారుటవలన. 2023-24లో గ్రామీణుడు నెలకు సగటున 4,122 రూపాయలు వ్యయపఱచెను. అందు సుమారు 47 పాళ్లు ఆహారమునకే. ఆ సొమ్ము పోవుచున్నది పాలకు, నూనెకు, పప్పునకు, కూరగాయలకు, గ్రుడ్లకు, తేనీటికి, పొట్లపు తినుబండారములకు. రేషనంగడి మాత్రము బియ్యము, గోధుమలవద్దనే నిలిచియున్నది. ఖర్చు తరలిపోయిన యింటికి కాపలా కాయుచున్న బంటువలె నున్నది దాని స్థితి. రాజధానిలోని గృహస్థునకు ఆ తరలిపోయిన ఖర్చును తగ్గించు దుకాణము వీధికొకటి వెలసినది. సర్ఖనివానికి అట్టిది లేదు.

ఈ లోపమును ప్రభుత్వములు గుర్తింపలేదనుటయు సరిగాదు. 1992లో కేంద్రప్రభుత్వము 1,775 బ్లాకులలో, అనగా గిరిజనప్రాంతములు, కొండసీమలు, కరవుసీమలు మొదలగు దూరప్రదేశములలో, రేషను పద్ధతిని పునర్నిర్మించుటకు పూనుకొనెను. అచ్చటి డిపోలలో ధాన్యముతోబాటు తేయాకు, ఉప్పు, పప్పు, సబ్బు కూడ అమ్మవలెనని నిర్ణయించిరి. సబ్బును రేషనుడిపోలో అమ్మవలెనన్న యాలోచన ఢిల్లీలో నొక యధికారికి తట్టుటయే మాకు విశేషముగ తోచుచున్నది! 1997లో లక్ష్యపద్ధతి వచ్చినంతనే దృష్టి యెవరు పేదలు, ఎవరు కారు అను విభజనమువైపు మరలెను. సబ్బు, తేయాకు మఱుగునబడెను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2013 ఉగాదినాడు కిరణ్ కుమార్ రెడ్డిగారి ప్రభుత్వము అమ్మహస్తము పేర 185 రూపాయలకు తొమ్మిది వస్తువుల సంచి నిచ్చుట మొదలిడెను. కందిపప్పు, పామాయిలు, గోధుమపిండి, గోధుమలు, పంచదార, ఉప్పు, కారము, చింతపండు, పసుపు అందుండెడివి. ఆలోచన ప్రశస్తమైనది. కాని చింతపండు, కారముల నాణ్యమునుగూర్చి ఫిర్యాదులు పుట్టినవి. రాష్ట్రవిభజనానంతరము సంచియే కనుమఱుగయ్యెను. మహారాష్ట్రప్రభుత్వము 2022 దీపావళికి ఆనందాచా శిధా యని 100 రూపాయలకు రవ్వ, శనగపప్పు, పంచదార కిలో చొప్పునను, పామాయిలు ఒక లీటరును ఇచ్చెను. పండుగకు పిండివంట చేసికొనుట సంతోషమే. పండుగ కాని మాసములలో పప్పు వలదా? ఆ సంచియు పండుగలకే పరిమితమై, నిధులున్ననాడు వచ్చుచు, లేనినాడు నిలిచిపోవుచు నుండెను. కేంద్రప్రభుత్వము 2023 జూలైలో శనగపప్పును కిలో 60 రూపాయలకును, నవంబరులో గోధుమపిండిని 27 రూపాయల 50 పైసలకును, 2024 ఫిబ్రవరిలో బియ్యమును 29 రూపాయలకును భారత్ అను ముద్రతో అమ్మించెను. నాఫెడ్, ఎన్.సి.సి.ఎఫ్., కేంద్రీయ భండార్‌ల దుకాణములును, సంచారవాహనములును వాటిని అమ్మినవి. ఆ వాహనము నిలుచునది నగరపు కూడలియందు. అడవిదారిని పట్టి పోవుట కది యేర్పడినదిగాదు.

ఈ ప్రయత్నములన్నిటిలో నిలుకడగ సాగినది ఒక్కటి కలదు. తమిళనాడు ప్రభుత్వము 2007నుండి రేషను దుకాణములద్వారా కందిపప్పును కిలో 30 రూపాయలకు, పామాయిలును లీటరు 25 రూపాయలకు ప్రతినెల యిచ్చుచు వచ్చినది. ప్రభుత్వములు మాఱినను పథకము మాఱలేదు. దానిని పండుగకానుకగ గాక నెలవారీ సరఫరాగ చేసికొనుటయే యిందుకు కారణమని మా యూహ. పండుగకానుకకు ఓటు వేసినవాడు తరువాత మఱచును. ప్రతినెల దొరకు పప్పు ఒక్కనెల రాకున్న వీథిలో గొడవ పుట్టును, ఆ గొడవయే పథకమునకు కావలి.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. నూనె విషయమున మన దేశము తన యవసరములో సగమునకు మించి విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. ధర మలేసియా, ఇండోనేసియా, ఉక్రెయినులలోని పరిస్థితులనుబట్టి పెరిగి తరుగుచుండును. 2024 సెప్టెంబరులో ముడినూనెపై సుంకము పెంచి, 2025 మే మాసాంతమున తగ్గించినప్పుడు ఆ హెచ్చుతగ్గులు రైతును, వినియోగదారుని ఒకేసారి సంతృప్తి పఱుపజాలవని తెలిసినది. ప్రభుత్వము స్థిరమైన ధరకు నూనె యిచ్చినచో ఆ భారము ఖజానాపై పడును. పప్పు పురుగుపట్టును. బియ్యమును నిలువచేసినట్లు కందిపప్పును ఏండ్లకొలది గిడ్డంగులలో ఉంచరాదు. వస్తువులు ఎక్కువైనకొలది అపహరణమునకు దారులును ఎక్కువగును. ఇవన్నియు నిజమే. ఆ చిక్కులు తమిళనాడునకును ఉన్నవి. అచ్చట అవి యెదుర్కొనబడినవి.

వస్తువులకు బదులు రొక్క మిచ్చుట మేలని చెప్పువారు మఱికొందఱు. మహారాష్ట్రమున 2024 జూలైనుండి లాడ్‌కీ బహీణ్ పథకముక్రింద అర్హులైన స్త్రీలకు నెలకు 1,500 రూపాయలు ఇచ్చుటకు పూనుకొనిరి. స్త్రీచేతికి సొంతసొమ్ము వచ్చుట చిన్నవిషయము గాదు. ఏ వస్తువు కావలెనో ఆమెయే నిర్ణయించుకొనును. ఐనను రొక్కమునకు విలువ బజారునుబట్టి యుండునుగాని ప్రభుత్వపుటుత్తరువునుబట్టి యుండదు. నాందేడునందు 1,500 రూపాయలు కొనిపెట్టునంత సరకును సర్ఖనిలో అదే సొమ్ము కొనిపెట్టదు. దుకాణములు పోటీపడు పట్టణమున రొక్కము మేలు. ఒక్క దుకాణమే యున్న పల్లెలో సరకు మేలు. ఈ భేదమును పాటింపక రాష్ట్రమంతటికి ఒక్క సూత్రమును పన్నుటలోనే పొరపాటున్నది. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి సబ్బు, షాంపూ, తలనూనెలమీద జి.ఎస్.టి. 18 శాతమునుండి 5 శాతమునకు తగ్గింపబడెను. ఈ తగ్గింపు నగరపు బిల్లులో మఱునాడే కనబడవలసినది. పల్లెలోని పాతసరకు పొట్లముపై పాత ధరయే అచ్చుపడియున్నప్పుడు, ఆ పదుమూడుపాళ్లను ఎవరు అడుగగలరు?

గిరిజన సహకారసంస్థ విషయమును ఇచ్చట స్మరింపక తప్పదు. 1956లో విశాఖపట్టణము కేంద్రముగా నేర్పడిన యీ సంస్థ అడవులలో దొరకు చింతపండు, తేనె, జిగురు మొదలగువానిని గిరిజనులవద్ద కొని, వారికి నిత్యావసర వస్తువులను డిపోలద్వారా అమ్ముటకు పుట్టినది. వర్తకుని అప్పులోనుండి గిరిజనుని విడిపించుటయే దాని యుద్దేశము. విభజనానంతరము తెలంగాణమున వేఱు సంస్థయై ఆదిలాబాదు ప్రాంతమున నేటికిని డిపోలను నడుపుచున్నది. ఈ సంస్థ పుట్టిన సంవత్సరముననే కిన్వట్ తాలూకా తెలుగురాష్ట్రమునుండి విడిపోయెను! మహారాష్ట్రమున ఆదివాసీ వికాస సహకార సంస్థ 1972లో ఏర్పడినది. ధాన్యము కొనుటయందే దాని శక్తి యెక్కువగ వినియోగమగుచున్నది. ఎల్లకు ఇరుప్రక్కల బ్రదుకుచున్నవారు ఒకే జాతివారు, ఒకే దేవతను కొలుచువారు, ఒకరి పిల్ల నొకరు చేసికొనువారు. వారిలో ఒకరికి దొరకినది మఱొకరికి దొరకలేదు. 2019లో నాందేడు జిల్లాలోని సరిహద్దు నియోజకవర్గముల ప్రతినిధులు హైదరాబాదునకు వచ్చి, తెలంగాణమునందలి పథకములు తమకును కావలెనని, లేనిచో తమ గ్రామములను ఇటు కలుపవలెనని అడిగినది ఈ పోలికవలననే. దేశమంతట ఒకే రేషనుకార్డు చెల్లుబాటగుచున్నది గావున సర్ఖనివాడు ఆదిలాబాదులో పనికి వచ్చినను కేంద్రము నిర్ణయించిన ధాన్యమును తీసికొనవచ్చును. రాష్ట్రము తన ఖర్చున చేర్చిన కిలో మాత్రము అతనికి రాదు.

మేము కోరునది సరిహద్దులను మార్చుట గాదు. ఏ గ్రామమునందు పెద్ద దుకాణము లాభమునకు నిలువజాలదో, ఆ గ్రామమునందు రేషనుడిపోకే పప్పు, నూనె, ఉప్పు, సబ్బులను అమ్ము అధికారమును, వానిని మొత్తపుధరకు తెప్పించి యిచ్చు ఏర్పాటును కల్పింపవలెను. డిపోదారునకు బియ్యముపై వచ్చు కమిషను చాలక అతడు మొఱపెట్టుచుండుట అందఱెఱిగినదే. ఈ యమ్మకములవలన అతనికిని జీవనము గడచును. ధాన్యమును మోసికొనివచ్చు లారీయే పప్పు బస్తాను, సబ్బుపెట్టెను గూడ మోయును. కిరాయి వేఱుగ పడదు. దీనికి సబ్సిడీ యంతయు నక్కఱలేదు. పెద్ద దుకాణము తయారీదారునితో బేరమాడి సంపాదించుచున్న తగ్గింపును ప్రభుత్వము, అంతకన్న పెద్ద కొనుగోలుదారుగ, సంపాదింపలేదా? సబ్సిడీ యీయదలచినచో కందిపప్పునకు, నూనెకు మాత్రమే యిచ్చిన చాలును.

ఇందు మన పాఠకుల పాత్ర యేమని ప్రశ్నింపవచ్చును. ఆదాయవ్యయపట్టికలను తయారుచేయువారు, పథకముల ఫైళ్లపై సంతకములు చేయువారు, దుకాణసంస్థలకు సరఫరా మార్గములను రూపొందించి లక్షలు గడించు నిపుణులు ఈ రాజధానిలోనే కలరు. ఒక సబ్బుబిళ్ల గిడ్డంగినుండి నగరపు అలమరకు చేరుటకు పట్టు గంటలను లెక్కించు నైపుణ్యము వారికి కరతలామలకము. ఆ సబ్బుబిళ్లయే కిన్వట్‌దాక ముద్‌ఖేడ్ ఆదిలాబాదు రైలుమార్గమున పోయి, అచ్చటినుండి సర్ఖని డిపోకు చేరుటకు ఎంత కిరాయి పడునో, దానిని ధాన్యపు లారీతో కలిపినచో ఎంత తగ్గునో యొక కాగితముమీద వ్రాసి, తెలంగాణ, మహారాష్ట్ర పౌరసరఫరాల శాఖలకు పంపినచో ఈ విషయము పత్రికల పుటలను దాటి కచేరీల బల్లమీదికి చేరును. రానున్న బడ్జెటు సమావేశములలో రేషను పద్దుక్రింద ధాన్యము గాక మఱియే వస్తువునకైన సొమ్ము కేటాయింపబడినదో లేదో మేము వెదకి చూతుము.